మామిడి ర్యాంపు మెసేజులకు సొంత మోడల్: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: పని హద్దులు

దామలచెరువు, బంగారుపాళ్యం వైపు మామిడి ర్యాంపుల్లో (రైతుల కాయ దించి తూకం వేసి కొనే యార్డుల్లో) సీజను మొదలైందంటే సగం లెక్కలు వాట్సాప్‌లోనే నడుస్తాయి. కాయ దించిన రైతు ఒక మెసేజు కొడతాడు. రకం, తూకం, రేటు, తరుగు అన్నీ అందులోనే ఉంటాయి, కానీ ఏదీ ఒక వరసలో ఉండదు. రాత్రికి గుమస్తా కూర్చుని వాటిని ఒక్కొక్కటీ చదివి ఎక్సెల్‌లో ఎక్కిస్తాడు. ఆ ఎక్కించే పని మోడల్‌తో, అంటే పాఠ్యం చదివి రాసే ఏఐ ప్రోగ్రామ్‌తో, చేయించాలి. రైతుతో కబుర్లాడే చాట్‌బాట్ కాదు, రేపటి ధర చెప్పే జోస్యమూ కాదు. లోపలికి ఒక మెసేజు, బయటికి ఆరు గళ్ల ఒక వరస.

రకం | తూకం | రేటు | యూనిట్ | తరుగు | సాయం

ఆరో గడి 2025 సీజను వల్ల వచ్చింది. ఆ ఏడాది తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని నిర్ణయించాక మెసేజుల్లో 8+4 అని రాయడం మొదలైంది. దాన్ని 12 అని ఒకే గడిలో వేస్తే, ఫ్యాక్టరీ నుంచి రావలసింది ఎంత, ఖాతాలో పడవలసింది ఎంత అన్నది కలిసిపోతుంది.

కొన్ని నమూనాలు, కుడిపక్క రావలసిన జవాబుతో:

అన్నా నిన్న సాయంత్రం తోతాపురి ఏసినాము 3 టన్నుల 420, టన్ను ఏడున్నర చెప్పినారు, తరుగు నూటికి ఐదు → తోతాపురి | 3ట+420 | 7.5 | వేలు/టన్ను | 5% | -

బేనీషా 46 క్రేట్లు, 20 కిలోల లెక్కన, రేటు 22 → బంగినపల్లి | 46×20 | 22 | కిలో | - | -

బెంగుళూరు కాయ 2 లోడ్లు దించేసినాం, స్లిప్పు రేపు పంపుతా → తోతాపురి | - | - | - | - | -

ఇక్కడ రెండు నిర్ణయాలు ఉన్నాయి. ఒకటి, మోడల్ లెక్కలు చేయదు. 46×20 అని ఎత్తి రాస్తుంది, 920 చేసేది పైథాన్ ప్రోగ్రామ్. చిన్న మోడల్ చేత గుణకారం చేయిస్తే చాలాసార్లు సరిగ్గానే చేస్తుంది, అదే ప్రమాదం. ఎప్పుడో ఒకసారి తప్పు చేసినా చూడ్డానికి ఒప్పులాగే ఉంటుంది. రెండోది, జేసన్ (ప్రతి విలువకూ పేరు పెట్టి రాసే డేటా పద్ధతి) వద్దు. ఆరు గళ్లు ఎప్పుడూ అవే వరసలో ఉన్నప్పుడు కీ పేర్లు, కొటేషన్ గుర్తులు, బ్రాకెట్లు ప్రతి జవాబులోనూ పుట్టించడం దండగ టోకెన్లు (మోడల్ చదివే, రాసే అక్షర ముక్కలు). నిలువు గీత చాలు.

ఫైన్‌ట్యూనింగ్ (ఉన్న మోడల్‌ను మన ఉదాహరణలతో మళ్లీ ట్రైన్ చేయడం) జోలికి పోకముందు చూడవలసినవి రెండున్నాయి. స్లిప్పు ఫొటో కింద ఒకే తీరులో టైపు చేసి పంపే ర్యాంపుల మెసేజులకు రెజెక్స్ (అక్షరాల తీరును బట్టి వెతికే సూత్రం) సరిపోతుంది, మోడల్ అక్కర్లేదు. మిగిలినవాటికి ట్రైనింగ్ లేని మోడల్‌కే పది పన్నెండు ఉదాహరణలు ప్రాంప్టులో (మోడల్‌కు ఇచ్చే పాఠ్యంలో) ఇచ్చి చూడాలి. గూగుల్ మోడల్ జెమ్మా 3 12బీ (లోపల దాదాపు 1,200 కోట్ల అంకెలు, అంటే పారామీటర్లు, ఉన్నది) ఈ పద్ధతిలో మామూలు మెసేజులను బాగానే పట్టుకుంది. "ఏడున్నర ఏసినాం, ఏడున్నరకే ఇచ్చినాం" లాంటి చోట తడబడింది: మొదటి ఏడున్నర టన్నులు, రెండోది రేటు. పైగా ఆ ఉదాహరణలన్నీ కలిపి ప్రాంప్టు వెయ్యి టోకెన్లు దాటుతుంది. ర్యాంపులో ఉండే పీసీలో గ్రాఫిక్స్ కార్డు ఉండదు. సీపీయూ మీద ప్రతి మెసేజుకూ వెయ్యి టోకెన్లు చదివించడమే అసలు ఆలస్యం. ట్రైన్ చేసిన చిన్న మోడల్‌కు ఆ ఉదాహరణలూ వద్దు, సూచనలూ వద్దు, మెసేజు ఒక్కటి ఇస్తే చాలు. ఈ ప్రాజెక్టులో ఫైన్‌ట్యూనింగ్‌కు అసలు కారణం తెలివి పెంచడం కాదు, ప్రాంప్టు తగ్గించడం.

మార్చి: కార్డు, కరెంటు

ట్రైనింగుకు వాడుతున్నది సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు, మెమరీ 24 జీబీ. ఈ ఒక్క పనికే అయితే ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ చాలు, కొత్తగా కొనేవాళ్లు అదే కొనండి. 3090 ఉంటే 12బీ మోడల్‌ను కూడా పోల్చి చూసుకోవచ్చు, అంతకు మించి లాభం లేదు. ట్యూరింగ్ తరం కార్డులు, అంటే ఆర్‌టీఎక్స్ 20 సిరీస్, టీ4 వంటివి, ఈ మోడల్‌కు తలనొప్పి. వాటిలో బీఎఫ్16 (చాలా పెద్ద అంకెలనూ పట్టే 16 బిట్ల రూపం) హార్డ్‌వేర్‌లో లేదు. జెమ్మా 3 లోపలి విలువలు మామూలు 16 బిట్ల రూపమైన ఎఫ్‌పీ16 పరిధి 65,504 దాటిపోయి లాస్ (జవాబు ఎంత తప్పిందో చెప్పే అంకె) ఎన్ఏఎన్, అంటే అంకే కానిది, అయిపోతుంది. దీనికి పక్కదారులు ఉన్నాయి గానీ, ఆంపియర్ (ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ తరం) లేదా ఆ తరవాతి కార్డు ఉంటే ఆ గొడవే ఉండదు.

పాత 3090 కొనేటప్పుడు చూడవలసింది మెమరీ చిప్పులు. ఈ కార్డులో 24 చిప్పులు, బోర్డుకు ఒకవైపు 12, వెనకవైపు 12. వెనకవాటికి గాలి తగలదు, బ్యాక్‌ప్లేటుకు అంటించిన థర్మల్ ప్యాడ్లే దిక్కు. మైనింగులో నలిగిన కార్డుకు ఆ ప్యాడ్లు ఎండి గట్టిపడి ఉంటాయి. కోర్ ఉష్ణోగ్రత 70 చూపిస్తుంటుంది, మెమరీ మాత్రం 110 డిగ్రీల దగ్గర వేగం తగ్గించేసుకుంటుంది. లినక్స్‌లో ఎన్వీడియా ఎస్ఎమ్ఐ (కార్డు స్థితి చూపే కమాండు) ఈ కార్డుకు మెమరీ ఉష్ణోగ్రత చూపదు కాబట్టి కోర్ అంకె చూసి మోసపోవద్దు. అమ్మే మనిషి ముందే మెమ్‌టెస్ట్ వల్కన్ (కార్డు మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్) అరగంట నడిపించి, ఎర్రర్లు లేవనీ, చివర్లో వేగం పడిపోలేదనీ చూసుకుని డబ్బులివ్వాలి. ప్యాడ్లు మార్చాల్సి వస్తే ఆ బోర్డు మోడల్‌కు ఏ చోట ఎంత మందమో ముందే కనుక్కోండి. అర మిల్లీమీటరు ఎక్కువైతే కోర్‌కు హీట్‌సింక్ సరిగ్గా ఆనదు, అప్పుడు ఉన్నదీ పోతుంది.

పవర్ కేబుళ్లు ఒక్కో సాకెట్‌కు ఒక్కోటి వేరుగా రావాలి. ఒకే తీగకు రెండు తలలున్న కేబుల్‌తో సర్దుకోవద్దు. ఎస్ఎమ్‌పీఎస్ (పీసీ పవర్ సప్లై) 850 వాట్లు, అంతకు తగ్గితే క్షణకాలపు పవర్ ఎగుడుదిగుళ్లకే మెషీన్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

కార్డు ఫ్యాక్టరీ పరిమితి 350 వాట్లు. ఎన్వీడియా ఎస్ఎమ్ఐలో పీఎల్ ఆప్షన్‌తో 270కి దించాం. వేగం కాస్త తగ్గుతుంది, వేడి చాలా తగ్గుతుంది. తిరుపతి ఎండాకాలంలో గదిలోకి 80 వాట్ల వేడి తక్కువ రావడం చిన్న విషయం కాదు. ఒక చిక్కుంది: ఈ పరిమితి రీబూట్ అయితే చెరిగిపోతుంది. కరెంటు పోయి వచ్చాక మెషీన్ తనంతట తాను లేచి, ఆగిన రన్ మళ్లీ మొదలుపెడితే, కార్డు 350 వాట్లకు వెళ్లిపోతుంది. యూపీఎస్ 270కి లెక్కేసి పెట్టుకున్నదైతే ఓవర్‌లోడ్ అయి కట్ చేస్తుంది. అందుకే ఆ కమాండును సిస్టమ్‌డీ సర్వీసుగా (మెషీన్ లేవగానే తానే నడిచేలా) పెట్టి, ట్రైనింగ్ స్క్రిప్టు దాని తరవాతే మొదలయ్యేలా కట్టాలి.

యూపీఎస్ సంగతి: ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్లకు మించి ఇవ్వదు. 270 వాట్ల కార్డు, సీపీయూ, ఫ్యాన్లు, డిస్కు కలిస్తే అది దాటిపోతుంది. 1500 వీఏ తరగతిది కావాలి. ఇంటి ఇన్వర్టర్ మీదే నడపాలనుకుంటే అది ప్యూర్ సైన్ వేవ్ అయి ఉండాలి, స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో ఇప్పటి ఎస్ఎమ్‌పీఎస్‌లకు పొసగదు.

మార్చి చివర: ఏ మోడల్

తెలుగుకు మోడల్ ఎంచుకునేటప్పుడు అందరూ లీడర్‌బోర్డులు చూస్తారు. మొదట చూడవలసింది టోకెనైజర్, అంటే పాఠ్యాన్ని టోకెన్లుగా కోసే భాగం. తెలుగు అక్షరం ఒక్కో కోడ్‌పాయింటుకు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఉండే నంబరుకు) యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో 3 బైట్లు. "తిరుపతి"లో గుణింతం గుర్తులతో కలిపి 7 కోడ్‌పాయింట్లు, అంటే 21 బైట్లు. టోకెనైజర్‌కు తెలుగు ముక్కలు పెద్దగా తెలియకపోతే పదం బైట్ల దాకా చితికిపోతుంది. అలా చితికితే ట్రైనింగ్ నెమ్మదిస్తుంది, మెమరీ ఎక్కువ పడుతుంది, జవాబు ఆలస్యమవుతుంది. మూడూ ఒకేసారి.

దీనికి బెంచ్‌మార్కు అక్కర్లేదు. మన మెసేజులు ఒక ఫైల్లో పెట్టి, ప్రతి టోకెనైజర్‌తో టోకెన్లు లెక్కపెట్టి, పదాల సంఖ్యతో భాగించడమే. పది లైన్ల స్క్రిప్టు, మోడల్ డౌన్‌లోడ్ కూడా చేయనక్కర్లేదు, టోకెనైజర్ ఫైళ్లు చాలు. లామా 3.1 పదకోశం (దానికి తెలిసిన టోకెన్ల సంఖ్య) 1,28,256, క్వెన్ 2.5ది లక్షన్నర చిల్లర, జెమ్మా 3ది 2,62,000 పైచిలుకు. తెలుగు లిపి మెసేజుల మీద జెమ్మా మిగతా రెండింటికన్నా చాలా తక్కువ టోకెన్లతో పని ముగిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు మీద తేడా అంతగా ఉండదు, అక్కడ అందరిదీ ఒకే అవస్థ.

అలా ఎంచుకున్నది జెమ్మా 3 4బీ, ఇన్‌స్ట్రక్షన్ వెర్షన్ (సూచనలు పాటించేలా ట్రైన్ చేసినది). 2025 మార్చిలో వచ్చింది. మోడళ్లు పంచుకునే సైటు హగ్గింగ్ ఫేస్‌లో లైసెన్సు షరతులు ఒప్పుకున్నాకే డౌన్‌లోడ్ అవుతుంది. ఇందులో బొమ్మలు చూసే భాగం కూడా ఉంది, 40 కోట్ల పారామీటర్ల పైచిలుకు. మనకు వద్దు. టెక్స్ట్ మాత్రమే లోడ్ చేసే క్లాసుతో ఎత్తితే 16 బిట్లలో 0.8 జీబీ మిగులుతుంది.

ఏప్రిల్: డేటా

ట్రైనింగుకు 1,920 మెసేజులు, వాలిడేషన్‌కు (ట్రైనింగ్ మధ్యలో సరిచూసుకోవడానికి) 150, చివరి పరీక్షకు 300. పేర్లు, ఫోన్ నంబర్లు, బండి నంబర్లు లేబులింగుకు (ప్రతి మెసేజుకూ సరైన జవాబు రాసి పెట్టడానికి) ముందే తీసేయాలి. తరవాత తీద్దామనుకుంటే నాలుగు కాపీలు నాలుగు ల్యాప్‌టాపుల్లో ఉండిపోతాయి.

విడగొట్టడం ర్యాంపుల వారీగా, పంపినవారి వారీగా. మెసేజులను కలిపేసి యాదృచ్ఛికంగా విడగొడితే, ఒకే రైతు ఒకే తీరులో రాసినవి రెండు వైపులా పడతాయి. అప్పుడు పరీక్ష మార్కులు ఆకాశంలో ఉంటాయి, కొత్త రైతు మెసేజు రాగానే నేలమీద పడతాయి.

శుభ్రం చేసేటప్పుడు కంటికి కనిపించని విషయాలు:

తెలుగు అంకె సున్న ౦, అనుస్వారం ం చూడ్డానికి ఒకటే, కోడ్‌పాయింట్లు వేరు. "1౦" అని వచ్చినవన్నీ అంకెల పక్కన ఉన్నప్పుడు 0గా మార్చాలి. పదం మధ్యలో ఉంటే అనుస్వారంగా మార్చాలి. కళ్లుమూసుకుని ఒకేవైపు మార్చేస్తే ఇంకో సగం పాడవుతుంది.

ఐత్వం గుర్తు ఒకే కోడ్‌పాయింటుగానూ రావచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగానూ రావచ్చు. యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ (వేర్వేరు రాతలను ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) చేస్తే రెండూ ఒకటవుతాయి. అది చేయకపోతే "పైసలు" అన్న పదం మోడల్‌కు రెండు పదాలు.

జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనిపించని గుర్తు) కొన్ని కీబోర్డుల నుంచి వస్తుంది, కొన్నిటి నుంచి రాదు. ఈ పనికి అర్థభేదం ఏమీ లేదు కాబట్టి అన్నీ తీసేశాం.

ముఖ్యంగా, ట్రైనింగుకు ముందు చేసిన శుభ్రమే వాడకంలోనూ జరగాలి. ఒకే ఫంక్షన్, రెండు చోట్లా అదే. ఇది విడిపోయిన ప్రాజెక్టుల్లో మోడల్‌ను తిడుతూ కూర్చుంటారు.

లేబులింగుకు మొదటి ముసాయిదా 12బీతో వేయించి, గుమస్తా అనుభవం ఉన్న మనిషి ఒక్కొక్కటీ దిద్దాడు. పరీక్ష సెట్‌కు మాత్రం ముసాయిదా చూపకూడదు, ఖాళీ గళ్లతో మొదలుపెట్టాలి. ముందు ఒక జవాబు కనిపిస్తుంటే దిద్దేవాడి కన్ను దాన్ని ఒప్పుకునేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది లేని గడిమీద. రేటు రాయని మెసేజులు డేటాలో తక్కువగా ఉంటే మోడల్ రేటు కల్పిస్తుంది, అదీ ఆ రకానికి ఆ వారం నడిచిన రేటే వేస్తుంది, చూసినవాడికి అనుమానం కూడా రాదు. పుస్తకంలో తప్పు రేటు పడటంకన్నా గడి ఖాళీగా ఉండటం వెయ్యి రెట్లు నయం, గుమస్తా ఫోన్ చేసి అడుగుతాడు. అందుకని మెసేజుల్లో ఐదోవంతుకు తక్కువ కాకుండా తూకమో రేటో లేనివి ఉండేలా చూశాం. సహజంగా దొరికినవి చాలనప్పుడు, పూర్తి మెసేజుల్లోంచి రేటు ముక్క తీసేసి, లేబుల్‌లోనూ గీత పెట్టి కొత్తవి తయారు చేసుకోవచ్చు. "లోడు", "బండి", "ట్రిప్పు" అన్నవి తూకాలు కావని కూడా ఇలాగే నేర్పాలి.

ఇంగ్లీషు అక్షరాల తెలుగును లిపి మార్పిడి సాఫ్ట్‌వేరుతో పుట్టించవద్దు. అది ఒకే స్పెల్లింగులో నీటుగా రాస్తుంది. మనుషులు అలా రాయరు, ఒకే మనిషి ఒకే మెసేజులో "తోతాపురి"ని రెండు రకాలుగా కొడతాడు. నిజమైనవే సేకరించాలి.

మే మొదట్లో: మెమరీ లెక్క

"ఇంత జీబీ కార్డులో ఇంత మోడల్ పడుతుందా" అన్నది కాగితం మీద తేల్చుకోవచ్చు.

జెమ్మా 3 4బీ భాషా భాగంలో దాదాపు 388 కోట్ల పారామీటర్లు. మొత్తం మోడల్‌ను ఆడమ్‌తో (పారామీటర్లను సర్దే పద్ధతితో) మామూలు పద్ధతిలో ట్రైన్ చేస్తే పారామీటర్‌కు 16 బైట్లు: 16 బిట్ల బరువుకు (పారామీటర్ విలువకు) 2, గ్రేడియంట్‌కు (దాన్ని ఎటు జరపాలో చెప్పే అంకెకు) 2, 32 బిట్ల అసలు కాపీకి 4, ఆడమ్ దాచుకునే రెండు విలువలకు 8. అంటే 62 జీబీ. ఇంట్లో కుదరదు.

లోరా 2021లో వచ్చింది. అసలు బరువులను కదపకుండా, ప్రతి లీనియర్ పొర (మాత్రికతో గుణించే భాగం) పక్కన రెండు సన్నటి మాత్రికలు పెట్టి వాటినే ట్రైన్ చేస్తుంది. 2023లో వచ్చిన క్యూలోరా అసలు బరువులను ఎన్ఎఫ్4 అనే 4 బిట్ల రూపంలోకి కుదించి, దానిమీద లోరా నడుపుతుంది. ఇక లెక్క:

34 పొరల్లోని లీనియర్ బరువులు దాదాపు 321 కోట్లు. 64 బరువుల బ్లాకుకు ఒక స్కేల్ చొప్పున, ఆ స్కేళ్లను కూడా కుదించే డబుల్ క్వాంటైజేషన్‌తో, బరువుకు 4.127 బిట్లు. మొత్తం 1.65 జీబీ. ఎంబెడింగ్ పొర (ప్రతి టోకెన్‌కూ ఒక అంకెల వరస ఉండే పట్టిక) కుదించబడదు, 16 బిట్లలోనే ఉంటుంది: 67 కోట్లు, 1.34 జీబీ. తెలుగుకు మేలు చేసిన పెద్ద పదకోశానికి ఇదే కప్పం. ర్యాంక్ (ఆ సన్నటి మాత్రికల వెడల్పు) 16తో అన్ని లీనియర్ పొరలకూ లోరా పెడితే ట్రైన్ అయ్యేవి 2,98,02,496, అంటే 0.77 శాతం. వాటికీ, గ్రేడియంట్లకూ, 8 బిట్ల ఆడమ్‌కూ కలిపి 0.3 జీబీ. గ్రేడియంట్ చెక్‌పాయింటింగ్‌తో (మధ్య విలువలు కొన్నే దాచి, మిగతావి మళ్లీ లెక్కకట్టడంతో), బ్యాచ్ (ఒకేసారి చదివే మెసేజులు) 8, పొడవు 512 టోకెన్లు అయితే దాచే యాక్టివేషన్లు, అంటే ఆ మధ్య విలువలు, 0.7 జీబీ. ఇంతవరకు నాలుగు జీబీ.

12 జీబీ కార్డు మీద ఇదే బ్యాచ్ 8తో నడిపిస్తే మెమరీ అయిపోయిందని ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే చివరి పొర. ప్రతి టోకెన్ స్థానంలోనూ పదకోశంలోని ప్రతి ముక్కకూ ఒక స్కోరు పుట్టాలి: 2,62,144 × 512 × 8 × 4 బైట్లు, సరిగ్గా 4 జిబిబైట్లు. దాని గ్రేడియంట్ ఇంకో 4. మధ్యలో 16 బిట్ల కాపీ 2. మోడల్ 3 జీబీ, దాని స్కోర్ల పట్టిక 10. బయట దొరికే మెమరీ అంచనాల్లో ఎక్కువ భాగం చిన్న పదకోశం మోడళ్ల మీద వేసినవి, వాటిని జెమ్మాకు అలాగే వాడితే లెక్క తప్పుతుంది.

మందు రెండు రకాలు. బ్యాచ్ 2, గ్రేడియంట్ అక్యుములేషన్ (అన్ని బ్యాచ్‌లు పోగయ్యాకే బరువులు మార్చడం) 8 పెడితే నికర బ్యాచ్ 16 వస్తుంది, పట్టిక నాలుగోవంతుకు దిగుతుంది. లేదా లాస్‌ను ముక్కలు ముక్కలుగా లెక్కకట్టి మొత్తం పట్టికను ఎప్పుడూ మెమరీలో నిలపని కెర్నల్ (కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) వాడాలి. లైగర్, అన్‌స్లాత్ లైబ్రరీలు రెండింటిలోనూ ఆ ఏర్పాటు ఉంది. మొదటి మందు ఏ లైబ్రరీతోనైనా నడుస్తుంది, మొదట దానితోనే వెళ్లండి. మన మెసేజులు పొట్టివి కాబట్టి పొడవును 512 నుంచి 256కు కోసినా ఏమీ పోదు, పట్టిక మళ్లీ సగమవుతుంది.

మే మధ్యలో: రన్లు

సెట్టింగులు: ర్యాంక్ 16, ఆల్ఫా (లోరా ప్రభావం ఎంతో చెప్పే స్కేలు) 16, డ్రాపౌట్ 0, లర్నింగ్ రేట్ 0.0002, మొదటి 5 శాతం స్టెప్పులు వార్మప్, తరవాత కొసైన్, పేజ్డ్ ఆడమ్‌డబ్ల్యూ 8 బిట్, బీఎఫ్16. 1,920 మెసేజులకు నికర బ్యాచ్ 16తో ఎపోక్‌కు (డేటా మొత్తం ఒకసారి చదవడానికి) 120 స్టెప్పులు. మూడు ఎపోక్‌లు పెట్టి, 30 స్టెప్పులకోసారి వాలిడేషన్, చెక్‌పాయింట్ (అప్పటి మోడల్ కాపీ). ఒక రన్ అరగంట అటూఇటూ. మెషీన్ మొత్తం 400 వాట్లు తాగిందనుకున్నా 0.2 యూనిట్. లేబులింగుకు పట్టిన కాలం ముందు ఇది లెక్కలోకే రాదు. అందుకే కార్డు గురించి ఎక్కువ ఆలోచించవద్దనేది.

లాంగ్ రన్ కొట్టేముందు చూసుకోవలసినవి. లోరా రెండో మాత్రిక సున్నలతో మొదలవుతుంది, కాబట్టి సున్నా స్టెప్పు దగ్గర వాలిడేషన్ లాస్ ట్రైనింగ్ లేని మోడల్ లాస్‌తో సమానంగా ఉండాలి. తేడా ఉంటే మోడల్ లోడ్ చేసిన తీరులోనో, చాట్ టెంప్లేట్‌లోనో (మెసేజు, జవాబుల చుట్టూ గుర్తులు పెట్టే అచ్చులోనో) పొరపాటుంది. ఒక బ్యాచ్‌ను వెనక్కి డీకోడ్ చేసి తెరమీద చదవాలి. అందులో రెండు చూడాలి. ఒకటి, వరస మొదట్లో బీఓఎస్ టోకెన్ (ఆరంభాన్ని సూచించేది) ఒక్కసారే ఉందా: చాట్ టెంప్లేట్ ఒకటి వేసి, టోకెనైజర్ ఇంకొకటి వేస్తే రెండు అవుతాయి, ఎర్రర్ ఏమీ రాదు, నాణ్యత మాత్రం తగ్గుతుంది. రెండు, మెసేజు భాగమంతా మైనస్ 100 లేబుల్‌తో మాస్క్ అయి (లాస్ లెక్కలోకి రాకుండా), జవాబు, దాని చివరి టర్న్ ముగింపు టోకెన్ మాత్రమే లాస్‌లో ఉన్నాయా. ముగింపు టోకెన్ కూడా మాస్క్ అయిపోతే మోడల్‌కు ఆగడం రాదు, ఆరు గళ్లు రాసి, కింద ఇంకో రైతు మెసేజు తానే పుట్టించుకుని దానికీ జవాబిస్తుంది. జెమ్మాకు సిస్టమ్ పాత్ర విడిగా లేదు, సిస్టమ్ మెసేజు ఇస్తే యూజర్ మాటల ముందు అతికిస్తుంది. మనకు సూచనలే లేవు కాబట్టి ఆ గొడవ లేదు.

వాలిడేషన్ లాస్ రెండో ఎపోక్ చివర అడుగు తాకి, మూడోదానిలో మెల్లగా పైకి లేచింది. ట్రైనింగ్ లాస్ మాత్రం దిగుతూనే ఉంది, అంటే బట్టీ మొదలైంది. రెండో ఎపోక్ చెక్‌పాయింట్ ఉంచుకున్నాం. ర్యాంక్ 8, 32 కూడా పోల్చాం. ఆల్ఫాను ర్యాంక్‌తో పాటే మార్చాలి, లేకపోతే మారింది ర్యాంకో, స్కేలో తెలియదు. మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలాంటి ఇరుకైన పనిలో ర్యాంక్ మీద రాత్రులు తగలేయడం అనవసరం.

మార్కులు గడివారీగా, పూర్తి సరిపోలిక మీదే. జవాబు "దగ్గరగా ఉంది" అనేది ఖాతా పుస్తకంలో చెల్లదు. 300 మెసేజుల పరీక్షలో 95 శాతం వచ్చిందంటే అటూఇటూ రెండున్నర శాతం ఊగిసలాట సహజం. కాబట్టి రెండు రన్ల మధ్య ఒక శాతం తేడా చూసి ఏదీ తేల్చవద్దు. సీడ్ (యాదృచ్ఛిక అంకెలకు ఆరంభ సంఖ్య) మార్చి మళ్లీ నడిపితే గెలిచింది ఓడవచ్చు. గీత ఉండాల్సిన చోట అంకె రాసిన తప్పులను విడిగా లెక్కపెట్టాలి. మొత్తం మార్కు పెరిగినా ఈ సంఖ్య పెరిగితే ఆ రన్ పనికిరాదు.

మిగిలిన తప్పులు ఎక్కువగా రకాల పేర్లలో. తోతాపురిని బెంగుళూరు అంటారు, తోతా అంటారు, కోస్తా వ్యాపారి కలెక్టరు అంటాడు. మోడల్ చేత అన్నిటినీ ఒకే పేరుకు మార్పించాలని మొదట పెట్టుకున్న నియమాన్ని సడలించాం. మెసేజులో ఉన్న పేరునే ఎత్తి రాయమని లేబుళ్లు మార్చి, పేరు మార్చే పట్టిక ప్రోగ్రామ్‌లో పెట్టాం. కొత్త పేరు కనిపిస్తే పట్టికలో ఒక లైను చేర్చడమే, మళ్లీ ట్రైనింగ్ అక్కర్లేదు. ఫిబ్రవరిలో రాసిన నమూనాల్లో మొదటి గడి పాత నియమం ప్రకారం ఉంది, ఇప్పుడు అక్కడ మెసేజులోని పేరే వస్తుంది. "పావుతక్కువ ఎనిమిది", "ఏడుముప్పావు" లాంటివి మాత్రం మోడల్‌కే వదిలేశాం, అవి దానికి బాగా వచ్చాయి.

జూన్: ర్యాంపు పీసీకి

అడాప్టర్‌ను (ట్రైన్ చేసిన లోరా మాత్రికలను) మోడల్‌లో కలిపేటప్పుడు 4 బిట్ల మోడల్‌లోకే నేరుగా కలపవద్దు, కలిపిన విలువలు మళ్లీ కుదింపులో కొట్టుకుపోతాయి. అసలు మోడల్‌ను బీఎఫ్16లో ఎత్తి, అందులో కలిపి, అప్పుడు జీజీయూఎఫ్‌లోకి (ల్లామా సీపీపీ అనే, మోడల్‌ను సీపీయూ మీద నడిపే ప్రోగ్రామ్ చదివే ఫైలు రూపంలోకి) మార్చాలి. 388 కోట్ల బరువులకు 16 బిట్లలో 7.8 జీబీ, ఇది సీపీయూ మెమరీలోనే చేసుకోవచ్చు. అడాప్టర్ నేర్చుకున్నది ఎన్ఎఫ్4 మోడల్ పక్కన, ఇప్పుడు కూర్చున్నది బీఎఫ్16 పక్కన. తేడా చిన్నదే అయినా పరీక్ష సెట్ ఈ చివరి ఫైలు మీద మళ్లీ నడిపి తీరాలి. మార్కులు ఇచ్చేది ర్యాంపులో వాడే ఫైలుకు, ట్రైనింగ్ మెషీన్‌లోని ఫైలుకు కాదు.

క్యూ8_0 అనే 8 బిట్ల కుదింపులో ఫైలు 4.1 జీబీ, క్యూ4_కె_ఎమ్ అనే 4 బిట్ల కుదింపులో 2.5 జీబీ. సీపీయూ మీద జవాబు వేగానికి పై హద్దు ర్యామ్ వేగమే: డీడీఆర్4 3200 రెండు స్టిక్కులు వేస్తే సెకనుకు 51 జీబీ, ఒక్కో టోకెన్‌కు మోడల్ మొత్తం ఒకసారి చదవాలి, అంటే క్యూ8కు సెకనుకు 12 టోకెన్లు మించవు. నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. ర్యాంపు పీసీలో ఒకే ర్యామ్ స్టిక్ ఉంటే వేగం సగం. ఇంకో స్టిక్ కొనడం ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా చవకైన వేగం.

క్యూ4కు దించేటప్పుడు ల్లామా సీపీపీలో ఇంపార్టెన్స్ మాట్రిక్స్ వేసుకునే వీలుంది. ఏ బరువులను జాగ్రత్తగా ఉంచాలో అది ఇచ్చిన పాఠ్యాన్ని బట్టి తేల్చుకుంటుంది. రెడీమేడ్‌గా దొరికే ఇంగ్లీషు పాఠ్యం ఇస్తే తెలుగు నష్టపోతుంది. ట్రైనింగ్ మెసేజులనే చాట్ టెంప్లేట్‌తో సహా ఇచ్చాం, పరీక్షవి ఇవ్వకూడదు.

జవాబు ఆకారం చెడకుండా ల్లామా సీపీపీ గ్రామర్ ఫైలు పెట్టాం: ఆరు గళ్లు, ఐదు నిలువు గీతలు, యూనిట్ గడిలో కిలో, వేలు/టన్ను, గీత తప్ప ఇంకేదీ రాదు. గ్రామర్ ఆకారాన్నే కాపాడుతుంది, రేటు గడిలో తూకం రాస్తే ఆపలేదు. దానికి ప్రోగ్రామ్‌లో ఒక తనిఖీ: రేటు, తూకం గళ్లలోని ప్రతి అంకె మెసేజులో ఏదో రూపంలో ఉండాలి, మాటల్లో రాసిన అంకెలను ముందే విప్పుకుని పోలుస్తుంది. లేకపోతే ఆ వరస ఎర్రరంగులో గుమస్తా ముందుకు వస్తుంది.

పెండింగులో ఉన్నవి: గుమస్తా ఎర్ర వరసలు దిద్దినప్పుడు పాత జవాబు, కొత్త జవాబు రెండూ ఫైల్లో పడాలి, ఆగస్టులో తోతాపురి అయిపోయాక వాటితో మళ్లీ ట్రైనింగ్. వాయిస్ మెసేజులు ఇప్పటికి పక్కన పెట్టాం, మైకు పక్కనే టిప్పర్ రివర్స్ హారన్ మోగుతున్న రికార్డింగుల సంగతి వేరే ప్రాజెక్టు. వేలూరు, కృష్ణగిరి వ్యాపారుల తమిళం కలిసిన మెసేజులు వేరే ఫోల్డర్లో పోగవుతున్నాయి, అవి రెండు వందలు దాటాక లేబులింగ్ మొదలవుతుంది.